మోగనీ, ఎత్తుతా

నా మీద నిప్పులు కక్కుతున్న గంగామణికి,

నీ మొగుడు బతికే ఉన్నాడు. దోహాలో ఎవతెనో ఉంచుకున్నానేమోనని షఫీకి ఫోను చేసి మీ అన్న అడిగాడట. క్యాంపులో నా పక్క మంచం షఫీదే. వాడి గురక ఒక్కసారి విన్నావంటే నీ అనుమానం అక్కడే చస్తుంది. సెలవు మీద వస్తున్నాడు కనుక ఉత్తరం వాడికే ఇస్తున్నాను.

అసలు సంగతి చెబుతాను, నవ్వకు. ఫోను మోగితే నాకు చేతులు వణుకుతాయి. బాపు పోయినప్పుడు మీరంతా "జర పాణం బాగలేదు, జల్ది రా" అన్నారు. ఆయనకని సెంటు సీసా కొనుక్కొచ్చాను. అప్పటికే చితి చల్లారింది. గల్ఫులో ఉన్నవాడికి చావు కబురు చెప్పకూడదని మీ పద్ధతి. అప్పటి నుంచి నువ్వు "అందరం మంచిగున్నం" అన్నా సరే, ఎవరు పోయారో అని గుండె దడదడ. అందుకే ఫోను ఆపేసి పెట్టెలో పడేశాను. ఫోర్‌మన్ గొంతును అనుకరించి క్యాంపంతా పరిగెత్తించే నేను మోగే ఫోనుకు జడుస్తానంటే ఎవడు నమ్ముతాడు?

సైటులో పక్కవాడి ఫోను మోగి, నా చేతిలో సుత్తి జారి కిందపడింది. కంపెనీవాళ్ళు కౌన్సెలింగుకు తోలారు. వసుంధర మేడమని తెలుగావిడే. మాత్రలిస్తుందనుకుంటే, ఫోను బల్ల మీద పెట్టి మోగించింది. "పారిపోయిన కొద్దీ భయం బలుస్తుంది. మోగనీ, కూర్చో. దానంతటదే తగ్గుతుంది" అంది. దీన్ని బిహేవియర్ థెరపీ అంటారట. ముందు దూరంగా, తర్వాత చేతిలో, ఆ పైన షఫీ చేస్తే ఎత్తడం. చెమటలు కారాయి, మనసులో ఆమెను తిట్టుకున్నాను, కానీ కుర్చీ వదల్లేదు.

ఇక మిగిలింది నీ ఫోనే. శుక్రవారం అన్నాలయ్యాక చెయ్యి, ఎత్తుతాను. ఒక్కటే షరతు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

నీ ముత్యం

—

మాట తప్పని గంగామణికి,

ఫోను ఎత్తి నేను అరబ్బు గొంతుతో "ముత్యం మాఫీ", అంటే ముత్యం లేడు, అన్నందుకు నువ్వు తిట్టిన తిట్లు గదంతా విన్నది. తర్వాత నీ గొంతు మారింది.

"అవ్వ బాయికాడ పడ్డది. తుంటి ఇరిగింది. దవాఖానల ఉన్నం. ఆపరేషన్ జేస్తరట. ఈ వయసుల ఏమైతదో చెప్పలేమన్నరు."

వెనక నుంచి మీ అన్న వద్దు వద్దంటున్నాడు. నువ్వు ఆగలేదు. నేను చెవి దగ్గర నుంచి ఫోను దించలేదు. నన్ను కన్న అవ్వకే ఫోను ఇమ్మన్నాను.

సెలవు దొరికింది, ఆదివారం విమానానికి వస్తున్నాను. ఈ ఉత్తరం నా జేబులోనే వస్తుంది. ఎదురుగా చెబితే నువ్వు నవ్వుతావు, నేను వేషాలేస్తాను. అందుకే రాస్తున్నాను. ఆ రోజు అవ్వను "నొస్తాందా?" అని అడిగాను. ఎప్పుడూ మంచిగున్న అనే మనిషి, "నొస్తాంది బిడ్డా, మస్తు నొస్తాంది" అంది. చాలాసేపు చెప్పింది. నేను విన్నాను.

నీ ముత్యం