పుట్టని అమ్మ

బావగారికి,

ఏఐతో రాయించిన ప్రతి ప్రోగ్రామునీ ఓ మనిషి చదివి సంతకం పెట్టాలని మీ ప్రభుత్వ ఆఫీసు నిబంధన తెచ్చినప్పుడు, మీరు పెట్టిచ్చిన కాఫీ తాగుతూనే, "కంప్యూటర్ మొహం చూడనివాళ్ళు మాకు చెప్పొచ్చారు" అని ఎగిరెగిరిపడ్డాను. మీరు నవ్వి ఊరుకున్నారు.

కంటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాముకి సంతకం పెట్టింది నేనే. చదివానా అంటే, బాగుందా అని ఆ ఏఐనే అడిగాను. అద్భుతంగా ఉందంది. నా కష్టాన్ని మెచ్చుకుంది కూడా. ఉబ్బిపోయాను.

నిన్న అమ్మ ఆపరేషన్ తేదీ కోసం అక్కడికే వెళ్ళింది. పాత కార్డులో పుట్టిన ఏడు 'నలభైమూడు' అని మాత్రమే ఉందట. నా ప్రోగ్రాము దాన్ని రెండువేల నలభైమూడు చేసి, "ఈ రోగి ఇంకా పుట్టలేదు" అని తిప్పి పంపేసింది. అమ్మ అక్కణ్ణుంచే ఫోన్ చేసి, "నేనే పుట్టకపోతే నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావురా?" అంది. దీనికి జవాబు కూడా ఏఐని అడగడానికి మొహం చెల్లలేదు.

తప్పు సరిచేశాను. ఆపరేషన్ మాత్రం రెండు వారాలు వెనక్కి పోయింది. అప్పటిదాకా నా మొహం అమ్మకి మసగ్గానే కనబడుతుంది, అదొక్కటే నాకు ఊరట.

మీ నిబంధనలో ఇంకో వాక్యం చేర్చండి బావగారూ: సంతకం పెట్టినవాడి తల్లినే లైన్లో మొదట నిలబెట్టాలి.

ఇట్లు,
ఈసారి చదివే సంతకం పెడుతున్న
మీ బావమరిది