నలభై ఆరు కిలోమీటర్ల బురద

డిసెంబర్ 1, ఆదివారం

కొత్త నోటుబుక్కు. రేపు మాట మార్చడానికి వీల్లేకుండా మొదటి పేజీలోనే రాసి పెడుతున్నా. డిసెంబర్ 28న హెర్జెల్‌బెర్గ్ సైకిల్ పందెం చూడ్డానికి సైకిల్ మీదే వెళ్తాను. నలభై ఆరు కిలోమీటర్లు. అభిమానుల సంఘం బస్సు ఎక్కను. కారు ఎక్కను. ఎవడు బతిమాలినా ఎక్కను!

కారణం వానెస్. మా అక్క కొడుకు. పధ్నాలుగేళ్లుగా చలికాలమంతా బురద పొలాల్లో సైకిల్ తొక్కుతూ, తొక్కలేనిచోట దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తుతూ బతుకుతున్నవాడు. ఇవాళ కెఫేకి వచ్చి, ఈ ఇరవై ఎనిమిదే తన ఆఖరి పందెం అన్నాడు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, మోకాళ్లు ఇక మావల్ల కాదంటున్నాయట.

అందరూ గ్లాసులు దించేశారు. నేనే నోరు జారాను.

"నువ్వు చూసిన మొదటి పందేనికి నిన్ను సైకిల్ మీద తీసుకెళ్లింది నేనే కదరా! ఆఖరి దానికీ సైకిల్ మీదే వస్తా!"

ఆ కథ ఊరందరికీ తెలుసు. వానెస్ అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడు, నా వెనక సీటు మీద. మంచు కలిసిన వాన. మామ ఆగకుండా తొక్కాడు. పేపరువాళ్లు ఎప్పుడు అడిగినా వాడు ఇదే చెప్తాడు.

వానెస్ అభిమానుల సంఘం అధ్యక్షుడు ఆఖీల్ నాతో పాటు ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచినవాడు. వాడికి నా సంగతి తెలుసు.

"ఒరేయ్ ఓడిల్, పోస్టాఫీసు వాళ్లు వ్యాను ఇచ్చిన రోజున నువ్వు సైకిల్‌కి దండం పెట్టి కొట్టుగదిలో పడేశావు. అది ఇప్పుడు నిన్ను గుర్తుపడుతుందంటావా?"

గుర్తుపట్టకేం! పట్టింది. రెండు చక్రాల్లోనూ గాలి లేదు, అంతే.

బరువు: 97 కిలోలు. వయసు: 63. ఉత్సాహం: బోలెడు.


డిసెంబర్ 2, సోమవారం

ప్రణాళిక.
ఈ వారం రోజూ పది కిలోమీటర్లు.
వచ్చే వారం ఇరవై.
ఆ పై వారం ముప్పై.
ఫ్రైస్ బంద్. మయొనైజ్ కూడా బంద్. బీరు ఆదివారం ఒక్కటి.

మా ఆవిడ గొడెలీవ్ కళ్లజోడు పెట్టుకుని మరీ చదివింది. నలభై ఏళ్ల కాపురం, ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన మనిషి.

"ఒక్కటి అంటే ఒక్క గ్లాసా, ఒక్క పెట్టెనా?"

నోటుబుక్కు లాక్కున్నా.


డిసెంబర్ 3, మంగళవారం

కాలవ వంతెన దాకా వెళ్లి వచ్చా. ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు! ఒక కుక్క తరిమింది, దాన్ని దాటేశా. ఈ లెక్కన ఇరవై ఎనిమిదో తారీఖున పందెగాళ్లకంటే ముందే ఉంటాను.


డిసెంబర్ 4, బుధవారం

వాన. మంచిదే. వానలో తొక్కడమే అసలైన సాధన.
8:10 బయల్దేరా.
8:14 తిరిగొచ్చా. గ్లవ్స్ మర్చిపోయా.
8:40 గ్లవ్స్ దొరికాయి. ఈలోగా ఒళ్లు వెచ్చబడింది. వెచ్చబడ్డ ఒంటితో చలిలోకి వెళ్తే జబ్బు చేస్తుందని ఎక్కడో చదివా.


డిసెంబర్ 6, శుక్రవారం

సెయింట్ నికొలస్ పండగ. పక్కింటి పిల్లలు బాదం ముద్దతో చేసిన పందిబొమ్మ తెచ్చిచ్చారు. తినకపోతే పిల్లలు నొచ్చుకుంటారు. తోక మాత్రమే తిందామనుకున్నా.

పంది అయిపోయింది.


డిసెంబర్ 9, సోమవారం

సైకిల్ గొలుసుకి నూనె రాశా. హ్యాండిల్ తుడిచా. మడ్‌గార్డులు బిగించా. రెండు గంటలు పట్టింది. ఇదీ సాధన కిందే లెక్క.


డిసెంబర్ 13, శుక్రవారం

ఎదురుగాలి. ఎటు తిరిగినా ఎదురుగాలే, మా ఊరికి అదో శాపం. ఇంట్లో మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగుదామని మొదలుపెట్టి, ఏడోసారి పైనున్న మంచం మీద కాసేపు నడుం వాల్చా.

బరువు: తొంభై ఎనిమిదిన్నర. కండ పెరిగి ఉంటుంది.


డిసెంబర్ 16, సోమవారం

వానెస్ ఫోన్ చేశాడు.

"మామా, నిజంగా సైకిల్ మీదే వస్తున్నావా?"

"ఏరా, నా మీద నమ్మకం లేదా?"

"అది కాదు. పేపరువాళ్లు పందెం గేటు దగ్గర నీ ఫొటో తీస్తారట. సైకిల్‌తో. మొదటి పందెం, ఆఖరి పందెం, అదే మామ అని రాస్తారట. నాక్కూడా, ఏంటో... నువ్వలా వస్తే బాగుంటుంది. ఈసారి మంచి స్థానం వస్తుందన్న ఆశ లేదులే. మరీ వెనకబడితే మధ్యలోనే ఆపి దింపేస్తారు కదా. అలా దింపించుకోకుండా పూర్తి చేస్తే చాలు."

ఫోన్ పెట్టేశా. ఫ్రైస్ తెప్పించుకున్నా. పెద్దది.


డిసెంబర్ 17, మంగళవారం

ఈ పుస్తకాన్ని ఇకనుంచి గొడెలీవ్‌కి కూడా దొరక్కుండా దాస్తున్నా కాబట్టి రాస్తున్నా.

ఇరవై ఆరేళ్ల కిందట వాణ్ని హెర్జెల్‌బెర్గ్ దాకా నేను తొక్కుకుంటూ తీసుకెళ్లలేదు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఆగిపోయా. పిల్లాడి పెదాలు నీలంగా మారాయి, నా కాళ్లు పలకడం లేదు. బీట్‌దుంపల లారీ ఒకటి ఆగింది. సైకిల్‌ని దుంపల మీద పడేసి ఇద్దరం ముందు సీట్లో కూర్చున్నాం. వాడు వెంటనే నిద్రపోయాడు. గేటుకి కాస్త ఇవతల దిగాం. ఇంటికొచ్చాక గొడెలీవ్ అడిగితే, తొక్కుకుంటూ వెళ్లామని చెప్పా. అంతే. ఇంకేం లేదు.

ఆ ముక్కే ఇప్పటిదాకా వాడు ప్రతి పేపరుకీ చెప్తున్నాడు. చదివిన ప్రతిసారీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు నిజంగా తొక్కితే ఆ అబద్ధం సగమైనా తీరుతుంది. సిగ్గేస్తోంది నాకు. బాగా సిగ్గేస్తోంది.

రేపటి నుంచి ఖాయం.


డిసెంబర్ 18, బుధవారం

పదిహేడు కిలోమీటర్లు!!!


డిసెంబర్ 19, గురువారం

నిలబడి రాస్తున్నా. కూర్చునే పరిస్థితి లేదు.


డిసెంబర్ 22, ఆదివారం

ఆఖీల్ భార్యకి బ్యాటరీ సైకిల్ ఉంది. ఒక మాట అనుకుంటున్నా. బ్యాటరీ సైకిల్ కూడా సైకిలే కదా? రెండు చక్రాలు, రెండు పెడల్స్, ఒక బెల్లు.

గొడెలీవ్ అంది, "అయితే మైక్రోవేవ్‌లో వేడి చేసిన సూపు నువ్వు వండినట్టే."

ఆ ఆలోచన మానేశా.


డిసెంబర్ 25, బుధవారం

కుందేలు కూర, ఎండు ఆల్‌బుకారా పళ్లు వేసి. తర్వాత క్రీము కేకు. తర్వాత మిగిలిన క్రీము కేకు.

బరువు తూచే మిషన్ పాడైంది. అలాంటి అంకె చూపిస్తోందంటే పాడైనట్టే.


డిసెంబర్ 27, శుక్రవారం

రేపు రెండు డిగ్రీలు. మంచు కలిసిన వాన. గాలి ఎటు నుంచో చెప్పక్కర్లేదు.

గొడెలీవ్, కాళ్లు తడవకుండా బూట్లలో తొడుక్కోవడానికి రొట్టె ప్యాకెట్ల కవర్లు తీసి పెట్టింది.

"బస్సులో నీ సీటు ఉంచమననా?"

"అక్కర్లేదు."

ఐదు నిమిషాల తర్వాత, "ఉంచమను. నీ బ్యాగు పెట్టుకోవడానికి పనికొస్తుంది" అన్నా.


డిసెంబర్ 28, శనివారం

8:15 బయల్దేరా. గొడెలీవ్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. నవ్వలేదు. అందుకే భయం వేసింది.

9:00 ఐదు కిలోమీటర్లు. ముక్కు ఉన్నట్టు తెలియడం లేదు.

9:40 తొమ్మిదో కిలోమీటరు. అదే మలుపు. లారీ ఏదైనా వస్తుందేమోనని వెనక్కి చూడలేదు. ఒక్కసారి చూశా.

9:55 దాటేశా! దాన్ని దాటేశా!

10:30 రోడ్డు పక్క కెఫే. కాఫీ. హోటలావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "డాక్టరు చెప్పాడా, పందెం కాశావా?" అంది. ఇంకో కాఫీ.

11:40 పధ్నాలుగో కిలోమీటరు. గొలుసు ఊడింది. వేళ్లు వంగడం లేదు. పొలం గట్టు మీద కూర్చుని దాన్ని తిట్టా, వ్యాను కనిపెట్టినవాణ్ని మెచ్చుకున్నా.

11:50 మా సంఘం బస్సు. హారన్. ఆఖీల్ కిటికీలోంచి బీరుతో సహా తల బయటపెట్టి, "ఒరేయ్ వీరుడా! బతికున్నావా?" అన్నాడు. ధీమాగా పొమ్మని చెయ్యి ఊపా. వంద మీటర్ల అవతల బస్సు ఆగింది. సైకిల్ నెట్టుకుంటూ దగ్గరికెళ్లా. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి వెచ్చటి గాలి, సాసేజ్ వాసన. మెట్టు మీద గొడెలీవ్. పక్కకి జరిగింది.

ఎక్కేశా.

12:10 బస్సులో. నలభై మూడు మంది. వానెస్‌కి చెప్పబోమని అందరూ బీరు గ్లాసు మీద ఒట్టేశారు. సైకిల్‌కి గొలుసు ఎక్కించి సామాన్ల అరలో పెట్టారు. నా కళ్లల్లో నీళ్లు. గాలి వల్ల.

12:55 గేటుకి రెండు కిలోమీటర్ల ఇవతల, ఒక కొట్టం వెనక దించారు. మరీ శుభ్రంగా ఉన్నా. ఆఖీల్ రెండు చేతులా బురద తీసి నాకు పూశాడు. నలుగు పెట్టినంత శ్రద్ధగా పూశాడు. "మొహానికి కూడా కొంచెం. సహజంగా ఉంటుంది."

1:20 గేటు. చప్పట్లు. ఫొటో. వానెస్ పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. తర్వాత నా పంట్లాం మీది బురదని వేళ్లతో నలిపి చూశాడు.

"థాంక్స్ మామా" అని వెళ్లిపోయాడు.


డిసెంబర్ 29, ఆదివారం

నిన్న రాయలేకపోయిన భాగం.

పందెంలో ముప్పై నలుగురు. వాడు ఇరవై ఎనిమిదో స్థానంలో మొదలై అక్కణ్నుంచి వెనక్కే జారాడు. గుట్ట మీద సైకిల్ భుజాన వేసుకుని ఎక్కుతుంటే మోకాలు వంగడం లేదు. మేం గొంతులు పోయేలా అరిచాం. ఇంకా రెండు రౌండ్లుండగా అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. అయిపోయింది. వాడు సైకిల్ దిగి, మా జెండా ముందు నిలబడి తల వంచాడు. ఆఖీల్ ఏడ్చాడు. నేను అటు తిరిగి నిలబడ్డా.

పందెం ముగిశాక వాడి వ్యాను దగ్గరికి వెళ్లా. పైపు పట్టుకుని సైకిల్ బురద కడుక్కుంటున్నాడు.

"మామా, అటు తిరుగు."

తిరిగా.

"తొక్కితే బురద వీపు మీదే చిమ్ముతుంది, నీకు వెనక ఒక్క చుక్క లేదు. ముందంతా బురదే. పైగా నీ బండికి మడ్‌గార్డులు. మన ఊరి నుంచి వచ్చే దారి పొడుగునా బూడిదరంగు బంకమట్టి. నీ ఒంటి మీదున్నది పసుపుపచ్చ ఇసుకమట్టి, ఈ ఊరిది. దీనికి ఏ టైరు వెయ్యాలా అని పొద్దున గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నా."

పధ్నాలుగేళ్లు బురదలో బతికినవాడి ముందా నా వేషాలు!

"బస్సు ఎక్కడ ఎక్కావు?"

"పధ్నాలుగో కిలోమీటరు దగ్గర" అన్నా, నేల చూపులు చూస్తూ.

"పర్లేదు. పోయినసారి తొమ్మిదో కిలోమీటరుకే లారీ ఎక్కేశావు."

తలెత్తి చూశా. "నువ్వు నిద్రపోయావు కదరా" అన్నా.

"నటించా. లారీ ఆయన నాకు లికోరైస్ మిఠాయి బిళ్ల ఇచ్చాడు. నిద్రపోయినట్టుంటే నువ్వు సగం అడగవని కళ్లు మూసుకుని చప్పరించా. దిగాక నా బుగ్గలకి బురద పూశావు, గుర్తుందా? ఇదే పసుపు మట్టి."

గుర్తుంది. ఈ పుస్తకంలో కూడా రాయలేదు ఆ ముక్క.

"మరి పేపర్లకి అలా ఎందుకు చెప్పావురా?"

"నువ్వు అత్తకి అలా చెప్పావు కదా. మా మామ అబద్ధాలాడతాడని నేనెలా చెప్తాను? అయినా ఆ రోజు నేను నేర్చుకున్నది నిజమే మామా. బురద పూసుకుంటే జనం చప్పట్లు కొడతారు!"

అని పైపు నా మీదికి తిప్పాడు. రెండు డిగ్రీల చలిలో, చన్నీళ్లు! నేను కేకలు పెడుతుంటే వాడు నవ్వుతున్నాడు. నీళ్లు ఆపేసరికి నవ్వడం లేదు.

"రెండు రౌండ్లు మిగిలిపోయాయి మామా. పూర్తి చేద్దామనుకున్నా."

వాడి గొంతు అలా వినడం ఎప్పుడూ ఎరగను. ఏం చెప్పాలో తెలియక నిజం చెప్పా.

"నాకు ముప్పై రెండు కిలోమీటర్లు మిగిలాయిరా."


డిసెంబర్ 30, సోమవారం

ఫొటో వేశారు. రంగుల్లో. పొద్దున్నే పేపరాఫీసుకి ఆరుగురు ఫోన్ చేశారట, ఆ మట్టి మా ఊరి దారిది కాదని. ఈ దేశంలో బురద దగ్గర ఎవణ్నీ మోసం చెయ్యలేం.

కెఫేకి వెళ్లి బీట్‌దుంపల లారీ సంగతి కూడా అందరి ముందూ చెప్పేశా. 

"అందరికీ తెలుసులేరా, ఆ లారీ నడిపింది మా బావమరిది" అన్నాడు ఆఖీల్.

ఇరవై ఆరేళ్లు! ఒక్కడంటే ఒక్కడు బయటపెట్టలేదు. తిట్టాలో దండం పెట్టాలో తెలియక అందరికీ బీరు పోయించా.


జనవరి 1, బుధవారం

వానెస్ వచ్చాడు. ఇద్దరికీ మిగిలిపోయింది పూర్తి చేద్దామని మాట్లాడుకున్నాం. నేను పధ్నాలుగో కిలోమీటరు నుంచి మొదలుపెడదామన్నా. వాడు ఒప్పుకోలేదు. "గుమ్మం నుంచి" అన్నాడు.

కాబట్టి మళ్లీ రాస్తున్నా. ఈ ఆదివారం హెర్జెల్‌బెర్గ్. నలభై ఆరు కిలోమీటర్లు, సైకిల్ మీద. అక్కడ పందెం ఉండదు. అధికారులుండరు. పందెం దారికి కట్టిన తాళ్లు విప్పేసి ఉంటారు, మిగిలేది పొలమూ గుట్టా. వాడు ఆ రెండు రౌండ్లూ తొక్కుతాడు. చూడ్డానికి ఒక్కడైనా ఉండాలి కదా. ఆ ఒక్కణ్ని నేను.


జనవరి 5, ఆదివారం

8:00 వాన. ఎదురుగాలి.

8:05 గ్లవ్స్ దొరికాయి. బూట్లలో రొట్టె కవర్లు. మడ్‌గార్డులు రాత్రే ఊడదీశా.

8:10 గొడెలీవ్ అడిగింది, "బస్సు డ్రైవరు నంబరు రాసుకున్నావా?"

"లేదు" అన్నా. (రాసుకున్నా. చివరి పేజీలో.)

8:14 చివరి పేజీ చింపి పొయ్యిలో వేశా.

8:15 బయట వాడి సైకిల్ బెల్లు మోగుతోంది. వెళ్తున్నా.