ప్రైవేట్ అని పెట్టినదాన్ని నేనే తెరిచిన

పాలమూరు, బుధవారం

ఛీ, నా మీద నాకే రోత పుడుతాంది. దవాఖాన సాఫ్ట్‌వేర్‌ల ఒక్కో క్లాస్‌కు, అంటే రోగి, టోకెన్, బిల్లు అసొంటి ఒక్కో రకం రికార్డుకు, వేరేగ ప్రింట్ కోడ్ రాయాలె. నేను రిఫ్లెక్షన్ అని, క్లాస్ లోపలికి కోడే తొంగి చూసే పద్ధతి వెట్టి అన్నిటికి ఒక్కటే ఫంక్షన్ రాసిన. ఏ క్లాస్ ఇచ్చినా లోపల ఏమేం ఉన్నయో అదే చూసుకొని అచ్చేస్తది. వారం పని ఒక్క పూటల అయింది. పదో తరగతి మధ్యల ఇడిసినోన్ని గిది రాసిన అని మస్తు ఎగిరిన.

రోగం పేరును బయటి కోడ్ ముట్టకుండ మా సీనియర్ రమేషన్న ప్రైవేట్ అని పెట్టిండు. దాని కాడ నా ఫంక్షన్ ఆగి ఎర్రర్ ఇచ్చింది. అదేందో గూడ చూడక, తాళం తీసే లైన్ ఒకటి రాసి పడేసిన.

ఇయ్యాల టోకెన్ చీటీ మీద రోగం గూడ అచ్చయింది. కౌంటరాయన ఉన్నది ఉన్నట్టు గట్టిగ చదివిండు. "లక్ష్మమ్మా! టీబీ! నాలుగో నంబర్!" పక్కన కూసున్నామె తన పిల్లను గుంజుకొని దూరం జరిగింది.

"ప్రైవేట్ అని నేను ఉత్తగనే పెట్టిన్నా తమ్మీ?" అన్నడు రమేషన్న.

ఫంక్షన్ తీసేసిన. ఒక్కో క్లాస్‌కు చేత్తోనే రాస్తున్న. గానీ లక్ష్మమ్మ డాక్టర్ కాడికి పోనేలేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. సిగ్గుకు మందులు గిట్ట ఆపేస్తే...