వెనక్కి తిరిగిన మోటారు

మదనపల్లె, 1983 మార్చి, సోమవారం రాత్రి

పొద్దున క్లాసులో బోర్డు మీద సైన్ వక్రం గీశాను. కరెంటు ఇలాగే ఎగసి పడుతుందని, మోటారుకొచ్చే మూడు తీగల్లో మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వస్తాయని, ఆ వరస మారితే మోటారు వెనక్కి తిరుగుతుందని చెప్పాను. మధ్యాహ్నం ఊరి నుంచి కబురొచ్చింది. మా అన్న మా తమ్ముణ్ణి పారతో కొట్టాడట.

వాళ్లిద్దరికీ ఒకటే బావి, రోజుకొకరి వంతు. నిన్న తమ్ముడి వంతు. సాయంత్రం లైన్‌మన్ తెగిన తీగలు కలిపి వెళ్లాడు. ఈరోజు అన్న వంతు. మోటారు తిరిగింది కానీ నీళ్లు రాలేదు. "నాకు నీళ్లు రాకుండా సెడగొట్టినాడు నా కొడుకు" అంటూ పార ఎత్తాడు. తమ్ముడి తల పగిలింది. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

వాణ్ణి చూసి బావి దగ్గరికి పోయాను. లైన్‌మన్ కలిపినప్పుడు తీగల వరస మారిపోయింది; స్టార్టర్‌లో రెండు తీగలు అటుది ఇటు మార్చి వేశాను. నీళ్లు వచ్చాయి. కాలవలో ఎండిన నెత్తుటిని తోసుకుంటూ చేలోకి పోయాయి.

"అయితే వాడేం సెయ్యలేదాప్పా?" అన్నాడు అన్న.

"లేదు."

అన్న అదే పారతో మడవ తిప్పి నీళ్లు పక్క మడికి మళ్లించాడు. పొద్దుగూకితే ఆయన వంతు అయిపోతుంది.

ఆ పార లాక్కుని ఆయన తల పగలగొట్టాలనిపించింది. ఇప్పుడూ అనిపిస్తోంది.