రఫాయి రేవు దాటని పెళ్లికొడుకు

రఫాయి,
4 జూన్ 1986

పూజ్యులైన మామగారికి, కాబోయే అల్లుడు అనిసే దణ్ణాలతో రాసేది.

రాజధాని బంగీలో బయల్దేరి పద్దెనిమిది రోజులయింది. అందులో నాలుగు రోజులు ప్రయాణం, మిగతావి బురదలోంచి లారీని తవ్వడం. నిన్న చింకో నది రేవుకు చేరాం. లారీలను నది దాటించే ఇక్కడి పంటుకు ఇంజను ఉంది, బ్యాటరీ లేదు. దాటే లారీయే తన బ్యాటరీ అరువివ్వాలి. ఇచ్చినా ఇంజను కదల్లేదు. "మెకానిక్‌వి కదా, అలా చూస్తావేం" అన్నాడు డ్రైవర్ మహమత్. తల దూర్చాను. బాగయింది. లారీని అవతలి ఒడ్డున దింపారు. నేనింకా నూనె గొట్టం బిగిస్తూనే ఉన్నాను. తల ఎత్తేసరికి పంటు నన్ను మళ్లీ ఇవతలి ఒడ్డుకు తెచ్చేసింది. లారీ తన బ్యాటరీ పీక్కుని మీ ఓబో దారి పట్టింది. నేను వెనకాల మూటల మీద పడుకున్నాననుకుని ఉంటాడు మహమత్.

ఇంకో లారీ దొరకగానే వస్తాను. సొలాంజ్‌ను కంగారు పడవద్దనండి.

మీ విధేయుడు,
అనిసే

తా.క.: నా పెళ్లి కోటు ఆ లారీలోనే వస్తోంది. కాస్త ఎండలో వేయించండి.


ఓబో,
29 జూన్

చిరంజీవి అనిసేకు, బతికి ఉంటే ఆశీర్వాదం.

నాలుగు రోజుల కిందట మహమత్ లారీ వచ్చింది. నీ కోటు దిగింది, ప్యాంటు దిగింది, బూట్లు దిగాయి. నువ్వు దిగలేదు. మహమత్ మూటలన్నీ ఎత్తి చూశాడు. "రేవు దాకా మాటలు వినపడ్డాయి, తర్వాత నిద్రపోయాడనుకున్నా" అన్నాడు. మనిషి రాకుండా బట్టలు వస్తే మా ఊళ్లో ఒకటే అర్థం. మా చెల్లెలు కోటు మీద పడి శోకాలు మొదలెట్టింది. మూడు రోజులు డప్పులు మోగాయి. సొలాంజ్ ఒక్కతే ఏడవలేదు. "ఏదో ఒక ఇంజను దగ్గర వెతికించండి నాన్నా" అంది. పిల్ల దుఃఖంలో మతి తప్పి అంటోందనుకున్నాను.

బతికి ఉంటే వెంటనే జవాబు రాయి. లేకపోతే ఎవరిచేతనైనా రాయించు.

ఇట్లు,
బర్తెలెమి జాంగబాయి,
విశ్రాంత హెడ్మాస్టరు

తా.క.: నీ కర్మకు కోసింది నీ పెళ్లికి ఉంచిన మేకనే. బతికి వస్తే ఇంకోదాన్ని నువ్వే తోలుకురా.


రఫాయి,
22 జూలై

మామగారికి, బతికే ఉన్న అనిసే దణ్ణాలు.

నా మొదటి ఉత్తరం పట్టుకెళ్లిన సైకిలతను దారిలో ఎవరి పెళ్లిలోనో ఆగిపోయాడట. నేను నీళ్లలో పడలేదు, పంటు మీద ఉండిపోయాను, అంతే. ఇప్పుడు మేయరుగారు కదలనివ్వడం లేదు. "నువ్వు పోతే పంటు ఆగుతుంది. ఆసుపత్రి మందులు ఒడ్డునే ఉండిపోతాయి. నీ ఇష్టం" అంటాడు. ఇలా అన్నాక నాకేం ఇష్టం మిగులుతుంది? ఉండడానికి ఇల్లిచ్చాడు, రెండు కోళ్లిచ్చాడు. ఫ్లోరాంటీన్ పూటపూటా కర్రపెండలం ముద్ద, వేరుశెనగ పులుసు చేసి పెడుతుంది. నేను తినకపోతే తనూ తినదు. ఇక్కడ నాకే లోటూ లేదు.

మీ అనిసే

తా.క.: ఫ్లోరాంటీన్ అంటే పంటు నడిపే ముసలాయన తల్లి. తొంభై దాటాయి.


ఓబో,
14 ఆగస్టు

అనిసేకు. ఆశీర్వాదం ప్రస్తుతానికి ఆపాను.

నీ ఉత్తరం వానలో నాని వచ్చింది. "ఏ లోటూ లేదు" దాకా చదవగలిగాను. కింద "తా.క." అని ఉంది, ఆ తర్వాత సిరా మడుగు. చదివినదే చాలు. ఇల్లు, కోళ్లు, ఫ్లోరాంటీన్. చచ్చిపోయావనుకున్నప్పుడు ఊరంతా నిన్ను పొగిడింది. ఇప్పుడు మా చెల్లెలు తన శోకాలు తిరిగి ఇచ్చేయమంటోంది. "ఆవిడెవరో ముందు అడగండి, తర్వాత తిడుదురుగాని" అంది సొలాంజ్. అడగడానికి నేనే వస్తున్నాను, జెమియో మీదుగా, సైకిలు మీద. నలభై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్నవాణ్ని. నేను వచ్చేదాకా కదలకు.

బర్తెలెమి

తా.క.: సైకిలుకు బ్రేకులు లేవు. నేనున్న కోపానికి అవి అక్కర్లేదు.


ఓబో,
11 సెప్టెంబరు

మామగారికి, మీ వసారాలో మీ కుర్చీలో కూర్చుని అనిసే రాసేది.

కదలకు అని మీరు రాశారని సొలాంజ్ ఇప్పుడే చెప్పింది, ఆ ఉత్తరం నాకు అందలేదు. నేను కదిలాను. ముసలాయన మనవరాళ్లిద్దరికీ ఇంజను పని నేర్పి, ఒక వేటగాడి మోటారు సైకిలెక్కి, జేమా దారిన వచ్చాను. మీరు జెమియో దారిన పోయారు. మధ్యలో అడవి ఉంది కాబట్టి కనపడలేదు. మీ చెల్లెలు నన్ను చూసి దయ్యమనుకుని ఉప్పు చల్లింది. మనిషినేనని తేలాక చీపురు తీసింది. సొలాంజ్ అడ్డం వచ్చింది కానీ, నవ్వాపుకోలేక సరిగా అడ్డుపడలేకపోయింది. "నాన్న పక్కన లేకుండా పెళ్లి లేదు" అంటోంది. వెంటనే వచ్చేయండి.

మీ అనిసే

తా.క.: ఫ్లోరాంటీన్‌గారిని తిట్టాలంటే కుడి చెవి దగ్గర తిట్టండి. ఎడమది వినపడదు.


రఫాయి,
6 అక్టోబరు

చిరంజీవులు అనిసే, సొలాంజ్‌లకు ఆశీర్వాదం, ఈసారి పూర్తిగా.

నీ సలహా నెల ఆలస్యంగా వచ్చింది. చేరిన రోజే గుమ్మం ముందు నిలబడి "బయటికి రావే" అని కేకేశాను. గోడ పట్టుకుని ఆ తల్లి బయటికొచ్చింది. ఆకలితో అరుస్తున్నాననుకుని ముద్ద పెట్టింది. సిగ్గుతో తిన్నాను. నిన్ను అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు.

మర్నాడు మేయరు వచ్చి "తమరేం చేస్తుంటారు" అన్నాడు. "ఏమీ చేయను. బళ్లో పాఠాలు చెప్పి దిగిపోయాను" అన్నాను. తెల్లారేసరికి వాకిట్లో నూటపన్నెండు మంది పిల్లలు. ఇంత దూరం ఏ మాస్టారూ రాక మూడేళ్లుగా బడి మూతపడిందట. "నేను రేపు వెళ్లిపోతాను" అని చెప్పాను. ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తి, "అయితే రేపటిదాకా చెప్పండి" అంది.

ఆ రేపు ఇంకా రాలేదు. జూన్ పరీక్షల ముందు వచ్చేలా కూడా లేదు. నేను పక్కన లేకుండా సొలాంజ్ పెళ్లాడదు. కాబట్టి పెళ్లినే ఇక్కడికి తీసుకురండి. అనిసే, దారి నీకు తెలిసిందే.

ఇట్లు,
బర్తెలెమి జాంగబాయి,
హెడ్మాస్టరు

తా.క.: వచ్చేటప్పుడు సుద్దముక్కలు తెండి. ప్రస్తుతం ఎండబెట్టిన కర్రపెండలంతో రాస్తున్నాను. లెక్క పూర్తయ్యేలోపు పిల్లలు దాన్ని తినేస్తున్నారు.