రొయ్యల చెరువుకి కంప్యూటరు పద్ధతి

ఆకివీడు,
12 జూన్ 2001

చిరంజీవి సూర్యకళకు నాన్న గంపెడు దీవెనలతో,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు కాలు నేల మీద ఆనడం లేదమ్మా. రొయ్యల చెరువుల కోసం కంప్యూటర్లో లెక్క రాశావా! రొయ్య బరువు చెబితే ఎంత మేత చల్లాలో అదే చెప్పేస్తుందా! అదీ నాలుగే వరసల్లో! గట్టు మీద నించుని మన పోతురాజుకి చదివి వినిపించాను. మేత చల్లేదీ, నీళ్ళలో గాలి తిప్పే ఏరియేటర్ వేసేదీ వాడేగా. "అమ్మాయిగారు మన చెరువుని మర్చిపోలేదండి" అని మురిసిపోయాడు. మీ బాసుగారు నిన్నెంత మెచ్చుకున్నారో వెంటనే రాయి.

నీ భాగ్యానికి పొంగిపోతున్న
వీరవెంకటసత్యనారాయణ

తా.క. పోస్టుమ్యాన్‌కి కాఫీ ఇచ్చి ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాను. నాకు చదవడం రాక కాదు, పరాయివాళ్ళ నోట వినాలని.

హైదరాబాదు,
20 జూన్

నాన్నగారికి నమస్కారాలు.

మెచ్చుకోలేదు నాన్నగారూ. "ఊరికే లెక్క చేసే ఫంక్షన్ రాసి వదిలేస్తావా? క్లాసులో పెట్టు" అన్నారు. సరేనని నా నాలుగు వరసల చుట్టూ 'ఫీడ్ మేనేజర్' అని ఒక క్లాసు, అంటే లెక్కని లోపల పెట్టుకునే డబ్బా, కట్టాను. దానికి సొంత సరుకంటూ ఏమీ లేదు. వట్టి డబ్బా. ఆ డబ్బాని తయారుచెయ్యడానికి ఇంకో క్లాసు కావాలన్నారు. దాని మీద పెత్తనానికి మరొకటి. ఇప్పుడు మేత ఎంతని అడిగితే ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చేరి, చివరికి నా పాత నాలుగు వరసలే లెక్క చేస్తాయి. ఎవరూ నేరుగా పనిని ముట్టుకోకూడదట. ఏడుపొస్తోంది.

మీ సూర్యకళ

తా.క. చిన్న లెక్క అడిగి టీ తాగొచ్చాను. కంప్యూటరు ఇంకా ఆలోచిస్తోంది.

ఆకివీడు,
28 జూన్

బంగారుతల్లి సూర్యకళకు,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది, నేను గంతేశాను. నాలుగు వరసల మీద అంతమంది మేనేజర్లా! ఎంత దర్జా! మన చెరువుకీ అదే పద్ధతి పెట్టేశాను. పోతురాజు ఇన్నాళ్ళూ ఎవర్నీ అడక్కుండా నీళ్ళు చూసి ఏరియేటర్ స్విచ్ వేసేసేవాడు. ఇక అలా కుదరదు. వాడు మన కాపలా ఏసురాజుకి చెప్పాలి. ఏసురాజు మీ గణేష్‌బాబు మావయ్యకి చెప్పాలి. మావయ్య నన్ను అడుగుతాడు. నేను సరే అంటే, ఆ సరే వచ్చిన దారినే వెనక్కెళ్ళి పోతురాజుకి చేరుతుంది. అప్పుడు వాడే స్విచ్ వేస్తాడు.

"స్విచ్ నా పక్కనే ఉంది కదండీ అయ్యగారూ?" అన్నాడు.

"నేరుగా ముట్టుకున్నావంటే పనిలోంచి తీసేస్తాను" అన్నాను. మావయ్యకి స్విచ్ ఎక్కడుందో కూడా తెలీదు. మీ ఆఫీసు క్లాసుల్లాగే, అచ్చం!

గర్వంతో చొక్కా బిగుతైపోయిన మీ నాన్న

తా.క. మావయ్యకి కుర్చీ, గొడుగు కొన్నాం. పెళ్ళి తర్వాత ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మళ్ళీ ఇదే.

హైదరాబాదు,
6 జూలై

నాన్నగారూ,

మీ కాళ్ళు పట్టుకుంటాను. నేను రాసింది సలహా కాదు, నా గోడు. స్విచ్ పోతురాజుకి వదిలెయ్యండి. అక్కడ ముసురు పట్టిందని పేపర్లో చూశాను. మబ్బేస్తే నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలు పైకి తేలతాయని నాకు నేర్పింది మీరే. అప్పటికప్పుడు స్విచ్ వెయ్యాలి గాని మనుషుల్ని వెతుక్కుంటామా? ఈ పంట దక్కకపోతే బుల్లెమ్మగారి అప్పు తీరక చెరువు మన చేతిలో ఉండదని అమ్మ ఎన్నిసార్లు అందో.

ఇంకో మాట. మా బాసుగారు మన వైపు రైతులకి ఈ ప్రోగ్రాం అమ్మడానికి వస్తున్నారు. మనింటికొస్తే భోజనం పెట్టండి. చెరువు పద్ధతి మాత్రం చూపించకండి.

సూర్యకళ

తా.క. నా నాలుగు వరసలూ ఇప్పుడు ఏ ఫైల్లో ఉన్నాయో నాకే దొరకడం లేదు.

ఆకివీడు,
2 ఆగస్టు

చిరంజీవి సూర్యకళకు,

నీ వినయం నాకు తెలీదా! గోడు అని రాశావు గాని అందులో నీ గొప్ప దాగలేదమ్మా.

నువ్వన్నట్టే మబ్బేసింది, రొయ్యలు తేలాయి. అయినా పద్ధతి వెంట్రుకవాసి తప్పలేదు! పోతురాజు కేకేశాడు. ఏసురాజు పరిగెత్తాడు. మావయ్య భోజనం దగ్గరున్నాడు, పెరుగన్నం ముగించి చెయ్యి కడుక్కుని వచ్చాడు. నేను మీ బాసుగారికి కొరమేను పులుసు వడ్డిస్తూనే సరే అన్నాను. ఆ సరే గట్టుకి చేరేసరికి చెరువు నిండా రొయ్యలు వెల్లకిలా ఉన్నాయి. పోతురాజు స్విచ్ పక్కన కూలబడి ఏడుస్తున్నాడు. మీ అమ్మ చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. సంతోషం ఎక్కువై నోట మాట రావడం లేదనుకుంటాను.

సంతోషం ఎందుకంటావా? మీ బాసుగారు గట్టు మీద నించుని, "ఒక్కరు కూడా తమ పరిధి దాటలేదు. మా ఆఫీసులో కూడా ఇంత చక్కగా కుదరలేదు" అని మావయ్యకి చెయ్యి కలిపి, అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు! సోమవారం నుంచి నీ పైన మావయ్యే మేనేజరు. "ఆయనకి కంప్యూటరు రాదండి" అన్నాను. "అవసరం లేదండి" అన్నారు. ఇకనుంచి నువ్వు ఏం రాసినా ముందు మావయ్యని అడగాలి. ఒకే ఇంట్లోంచి ఇద్దరు! వీధంతా స్వీట్లు పంచాను.

ఇంతకన్నా ఏం కావాలనుకుంటున్న
మీ నాన్న

తా.క. చెప్పడం మరిచాను. అప్పు కింద చెరువు బుల్లెమ్మగారికి ఇచ్చేశాం. ఆవిడ పోతురాజునే పెట్టుకుని, కొత్త రొయ్యపిల్ల వేసింది. స్విచ్ ఎప్పుడు వెయ్యాలో వాడినే చూసుకోమందట. రొయ్యలు బాగానే ఉన్నాయి గాని, పాపం, ఆవిడకి పద్ధతి తెలీదు.