తిప్పకు తెపె

సుబ్బరామప్పా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నా ఎడమ చేతికి పుత్తూరు కట్టు ఉంది. అరుగు మీంచి ఎట్లా పడ్డానో చెప్పబోతే ఈ కాగితం దానికే చాలదు, వదిలేస్తాను.

పూర్వపు తురుష్కులూ మన సీమవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళని ముప్పై ఏళ్ళు నోటు పుస్తకాలు నింపావు. చిన్న గుట్టను మనం తిప్ప అన్నట్టే టర్కీలో 'తెపె' అంటారని నువ్వు టీకొట్లో చెప్పిన రోజు, అది నీ సొంత కల్పనని పదిమందిలో తేల్చేసింది నేనే. "టర్కీ అల్లుడొచ్చినాడు, కుర్చీ ఎయ్యండబ్బా!" అన్నదీ నేనే. ఆ పేరు నిన్ను చివరిదాకా వదల్లేదు.

మొన్న ఏర్పేడు బస్టాపులో నా పక్కన ఒక విదేశీ అమ్మాయి కూర్చుంది. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిందట. ఏ దేశమంటే టర్కీ అంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, ఎదురుగా ఉన్న తిప్పను చూపించి, మీ భాషలో దీన్నేమంటారని అడిగాను.

"తెపె" అంది.

ఒక్క మాటతో నీ సిద్ధాంతం నిలబడదు. నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మాట నువ్వు కల్పించలేదు.

ఈ పొద్దున మీ ఇంటికి వెళ్తే, మీ చెల్లెలు నీ పుస్తకాలన్నీ కట్టగట్టి వాకిట్లో పెట్టింది. "పాత పేపర్లాయన వస్తాండాడన్నా. నీకేమన్నా కావాల్నా?" అనింది.

"అన్నీ కావాలమ్మా" అన్నాను.

ఒంటిచేత్తో ఆ కట్టను బస్సెక్కించేసరికి ప్రాణం పోయినంత పనైంది. "ఏముండాది పెద్దాయనా, అంత బరువు?" అన్నాడు కండక్టరు.

"టర్కీ అల్లుడి సామానప్పా."

అతను పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.